శాంట్రో కేస్: మూడు ఎక్సలేటర్ కేబుళ్ళు, రెండు బ్యాటరీలు, ఒక ఎర్త్ వైరు

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు, నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ. మా దగ్గరకి పది పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళే ఎక్కువ వస్తాయి. 2024 మే నెలలో వచ్చిన ఒక బండి గురించి పూర్తిగా రాద్దామని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా, ఎందుకంటే అందులో మిగతావాళ్ళు చేసిన తప్పులతో పాటు నేను చేసిన తప్పు కూడా ఉంది.

బండి శాంట్రో జింగ్, 2009 మోడల్, 1086 సీసీ పెట్రోల్, మీటర్ మీద 92 వేల చిల్లర. ఓనరు మచిలీపట్నంలో రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. రెండున్నరేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో లక్షా పదివేలకి కొన్నారంట. ఆర్సీ పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్ చేయించి, 5000 ఫీజు కట్టి (2022 ఏప్రిల్ ముందు ఇది 600 ఉండేది) ఇంకో అయిదేళ్ళకి రెన్యూవల్ కూడా చేయించేసుకున్నారు. అంటే అమ్మే ఉద్దేశం లేదు, ఇంకో అయిదేళ్ళు వాడుకుందామనే ఉన్నారు.

ఆయన చెప్పిన కంప్లైంట్లు ఆయన మాటల్లోనే: "పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఈడ్చుకుంటూ తిరుగుతుంది బాబూ. రాత్రిపూట లైట్లేస్తే టెంపరేచర్ ముల్లు పైకెళ్ళిపోతుంది. మైలేజీ పదికి పడిపోయింది. అన్నిటికన్నా భయం ఏంటంటే ఎక్సలేటర్ కేబుల్ బిగుసుకుపోతోంది, మొన్న పామర్రు దగ్గర మా అమ్మాయి నడుపుతుంటే కాలు తీసినా పికప్ తగ్గలేదు."

ఆ చివరి మాట వినగానే బండి ఇక్కడ వదిలేసి బస్సులో వెళ్ళండి మాస్టారూ అన్నాను. కాలు తీసినా ఎక్సలేటర్ వెనక్కి రాకపోతే అది ప్రాణాల మీదకొచ్చే సంగతి, రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అనుకునేది కాదు.

ఆయన దగ్గర ఒక ఫైలు ఉంది, ప్రతి బిల్లూ తేదీ వేసి దాచుకున్నారు. దాన్ని చదవడానికి నాకు అరగంట పట్టింది, ఆ అరగంటే ఈ కేసులో అన్నిటికన్నా పనికొచ్చింది. బండి కొన్న నెలలోనే క్లచ్ ప్లేటు సెట్టు వేయించారు. ఆ తర్వాత నాలుగు నెలలకి బ్యాటరీ, ఆ తర్వాత ఎక్సలేటర్ కేబుల్, సెల్ఫ్ మోటర్ విప్పి బుష్‌లు బ్రష్‌లు, మళ్ళీ ఎక్సలేటర్ కేబుల్, రేడియేటర్ ఫ్లషింగు, క్లచ్ కేబుల్, ఇంకో బ్యాటరీ, మూడో ఎక్సలేటర్ కేబుల్. ఒకే షాపు కాదు, నాలుగు చోట్ల. ఎవరికి వాళ్ళు తమ ముందుకొచ్చిన జబ్బుకి మందు వేసి పంపారు. అన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే మాత్రం ఒకటి కొట్టొచ్చినట్టు కనపడుతుంది: క్లచ్ పని జరగక ముందు వీటిల్లో ఒక్క జబ్బు కూడా లేదు. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, గేర్‌బాక్స్ దించాలంటే దానికి బిగించి ఉన్న ఎర్త్ వైరు (ఇంజన్ నుంచి కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే లావు వైరు) విప్పాలి. నాకు అనుమానం అక్కడే మొదలైంది, కానీ అనుమానం మీద పార్టు మార్చకూడదు, మార్చినవాళ్ళ బిల్లులే నా చేతిలో ఉన్నాయి కాబట్టి ముందు కొలుద్దామనుకున్నా.

ముందు బ్యాటరీ. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున 12.3 వోల్టులు ఉంది. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 దాకా చూపించాలి, సో కాస్త తక్కువ చార్జ్‌లో ఉంది గానీ చచ్చిపోలేదు. మళ్ళీ చార్జర్ పెట్టి నింపి, ఫ్యూయల్ పంప్ రిలే పీకేసి (ఇంజన్ స్టార్ట్ అవ్వకుండా ఉత్తినే తిరగాలి కాబట్టి) మా కుర్రాడిని సెల్ఫ్ కొట్టమన్నా, నేను మల్టీమీటర్ బ్యాటరీ పోస్టుల మీద పెట్టి చూశా. సెల్ఫ్ నిజంగానే ఈడుస్తోంది, హూ... హూ... అని. మీటర్ మీద మాత్రం 11.3.

ఇది అర్థం చేసుకుంటే సగం కేసు అయిపోయినట్టే, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెప్తా. సెల్ఫ్ మెల్లగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజ్ 9 కిందకి, 8కి పడిపోతే బ్యాటరీలో దమ్ము లేకపోవాలి, లేదంటే సెల్ఫ్ మోటర్ పట్టేసి ఎక్కువ కరెంటు గుంజుతూ ఉండాలి. మంచి బ్యాటరీ మంచి సెల్ఫ్ అయితే పది, పదిన్నర దగ్గర నిలబడి సర్రుమని తిరుగుతుంది. కానీ సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ బ్యాటరీ మాత్రం 11.3 దగ్గర హాయిగా కూర్చుందంటే ఏంటి? బ్యాటరీ మీద బరువే పడట్లేదు, అంటే కరెంటు సెల్ఫ్ దాకా పోవట్లేదు, దారిలో ఎక్కడో ఇరుకు ఉంది. అంతకుముందు రెండు బ్యాటరీలు మార్చినవాళ్ళు సెల్ఫ్ కొడుతూ ఒక్కసారి మీటర్ పెట్టి ఉంటే మాస్టారికి ఏడు వేలు మిగిలేవి.

దారి రెండు ముక్కలు. ప్లస్ నుంచి సెల్ఫ్ దాకా ఒకటి, సెల్ఫ్ బాడీ అంటే ఇంజన్ నుంచి మైనస్ దాకా ఇంకోటి. ప్లస్ వైపు, మీటర్ ఒక కాలు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మీద ఉన్న లావు టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొడితే 0.25 వోల్టులు. బాగానే ఉంది, అర వోల్టు లోపు నేను పట్టించుకోను. మైనస్ వైపు, ఎర్ర కాలు ఇంజన్ మీద పెయింటు లేని చోట గీకి పెట్టి, నల్ల కాలు బ్యాటరీ మైనస్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే పెట్టాలి, క్లాంపుకీ పోస్టుకీ మధ్య తేడా ఉంటే అదీ తెలియాలి కాబట్టి) పెట్టి సెల్ఫ్ కొట్టించా.

2.9 వోల్టులు.

అక్కడ 0.2, మహా అయితే 0.3 ఉండాలి. 11.3లో ప్లస్ దారిలో పావు వోల్టు, ఎర్త్ దారిలో దాదాపు మూడు వోల్టులు పోతే సెల్ఫ్‌కి అందేది ఎనిమిది చిల్లర. ఎనిమిది వోల్టులతో ఏ సెల్ఫ్ అయినా ఈడుస్తుంది, బుష్‌లూ బ్రష్‌లూ కొత్తవి వేసినా సరే.

ఇప్పుడు ఎక్సలేటర్ కేబుల్ సంగతి. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్లు పైన పోతుంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు కరెంటుని పోనివ్వదు, కాబట్టి ఆ వంద ఆంపియర్లూ బ్యాటరీకి తిరిగి రావాలంటే ఎర్త్ వైరు ఒక్కటే రాచమార్గం. ఆ మార్గం మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఇనుము ఇంకేదైనా ఉందా అని చూసుకుంటుంది. ఉన్నాయి, ఎక్సలేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, గేర్ కేబుళ్ళు. వాటి పైన చుట్టూ స్టీలు చుట్ట, లోపల స్టీలు వైరు. సన్నటి ఆ వైరులోంచి అంత కరెంటు పోతే అది కాలి, లోపలున్న ప్లాస్టిక్ గొట్టం కరిగి వైరుకి అతుక్కుంటుంది. కేబుల్ బిగుసుకుపోయేది అందుకు, కొత్త కేబుల్ వేస్తే నాలుగు నెలలు బాగుండి మళ్ళీ అదే కథ అయ్యేది కూడా అందుకే. మా కుర్రాడిని అయిదేసి సెకన్ల చొప్పున మూడు సార్లు సెల్ఫ్ కొట్టమని కేబుల్ మీద చెయ్యి వేశా, వేడి చేతికి స్పష్టంగా తెలిసింది. ఇంజన్ అసలు స్టార్టే కాలేదు, చల్లగా ఉంది, కేబుల్ మాత్రం వేడి. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి బండి నాకు ఇది మూడోది. కొత్త కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఒకే బండికి ఎక్సలేటర్ కేబులో క్లచ్ కేబులో రెండోసారి మార్చాల్సి వస్తే మూడోది కొనే ముందు ఇంజన్ ఎర్త్ కొలవండి.

సాయంత్రం మాస్టారు వచ్చారు, ఆయన ముందే చేసి చూపించా. ఇంజన్ స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి హెడ్‌లైట్లు, బ్లోయరు అన్నీ వేశాం. ముల్లు సగం దాటి పైకెళ్ళింది, ఆయన చెప్పినట్టే. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌లోకి పోకుండా ఆపే వాల్వు) హౌసింగ్ మీద టెంపరేచర్ గన్ పెడితే 66 డిగ్రీలు! మామూలుగా వేడెక్కిన ఇంజన్ అక్కడ 80 పైన చూపించాలి, అంటే ముల్లు హీటింగ్ అంటోంది, ఇంజన్ ఏమో ఉండాల్సిన దానికన్నా చల్లగా ఉంది. అప్పుడు జంపర్ కేబుల్ తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజన్ ఎత్తే కొక్కేనికి తగిలించా. మా కళ్ళ ముందే ముల్లు కిందకి దిగింది. ఇంజన్ ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే కొత్త బండిలా తిరిగింది. మాస్టారు రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత మీటర్ ఇలా ఇవ్వు బాబూ అని తీసుకుని, కేబుల్ తీసి పెట్టి తీసి పెట్టి ఆయనే కొలుచుకున్నారు. "ముప్పై ఏళ్ళు ఓమ్ నియమం చెప్పాను, నా కారులోనే ఉందని తెలీలేదు" అన్నారు.

ముల్లు ఎందుకు పైకెళ్తుందంటే, ఈ బండిలో మీటర్ ముల్లుకి వెళ్ళే సెన్సార్‌కి ఎర్త్ ఇంజన్ లోహం ద్వారానే. లైట్లకి, బ్లోయర్‌కి ఎర్త్ బాడీ. ఆల్టర్నేటర్ కూర్చునేది ఇంజన్ మీద, కాబట్టి లైట్ల కరెంటంతా బాడీ నుంచి ఇంజన్‌కి తిరిగి రావాలి, ఆ దారిలో ఇరుకు ఉంటే ఇంజన్‌కీ బాడీకీ మధ్య తేడా వస్తుంది. ఆ తేడా కొలిస్తే అన్నీ వేసినప్పుడు 0.8 వోల్టులు ఉంది. ఆ తేడా వల్ల సెన్సార్ లోంచి ఎక్కువ కరెంటు పోతుంది, ముల్లుకి అది వేడిలా కనపడుతుంది. చార్జింగ్‌కి కూడా ఇదే దెబ్బ, ఆల్టర్నేటర్ దగ్గర 14.3 ఉంటే బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి 13.3. రాత్రి లైట్లు వేసుకుని బందరు నుంచి బెజవాడ వచ్చినా బ్యాటరీ నిండేది కాదు, ఎప్పుడూ అరాకొరా చార్జ్‌తో ఉన్న బ్యాటరీ ప్లేట్లకి సల్ఫేట్ పట్టి ఏడాదికే పోతుంది. రెండో బ్యాటరీ ఇంకా బతికి ఉండటం మాస్టారి అదృష్టం.

ఇక వైరు. బండి లిఫ్ట్ మీదకి ఎత్తి గేర్‌బాక్స్ దగ్గర చూస్తే ఎర్త్ వైరు ఉంది, బోల్టు కూడా టైటుగానే ఉంది. పైపైన చూసినవాళ్ళు బాగుందనే అనుకుంటారు. విప్పితే లగ్గు (వైరు కొసన బోల్టు పట్టే రింగు) కింద తుప్పు, గేర్‌బాక్స్ మొహం మీద తెల్లటి పొడి. వైరు తొడుగు బ్లేడుతో కోస్తే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది, కొన్ని పోగులు ముట్టుకుంటేనే రాలిపోయాయి. లగ్గు మెడ దగ్గర చీలిక ఉంది, గేర్‌బాక్స్ దించినప్పుడు వైరు విప్పకుండా గుంజినట్టున్నారు, ఆ చీలికలోంచి నీళ్ళు దిగాయి. బందరులో సముద్రపు గాలి, ఆ గాలిలో ఉప్పుకి రాగి ఇలా అవ్వడానికి రెండేళ్ళు అక్కర్లేదు. ఇది కంపెనీ లోపం అనుకోవద్దు, గేర్‌బాక్స్ దింపి ఎక్కించిన ఏ కంపెనీ బండికైనా వచ్చేదే.

ఫైల్లో ఒక ఎలక్ట్రీషియన్ కాగితం మీద "ఎర్త్ చెక్ చేశాం ఓకే" అని రాసి ఉంది. ఆయన అబద్ధం రాయలేదు. ఆయన మీటర్ బజర్ పెట్టి చూసి ఉంటాడు, బజర్ మోగి ఉంటుంది. నేనూ ఆ వైరు తీశాక బజర్ పెట్టా, మోగింది. ఓమ్స్ పెడితే 0.3 చూపించింది, మీటర్ రెండు కాళ్ళూ ఒకదానికొకటి తగిలించినా అదే 0.3. ఎందుకంటే మీటర్ తన సొంత బ్యాటరీతో పంపేది చిటికెడు కరెంటు, దానికి ఒక్క రాగి పోగు చాలు. టెస్ట్ ల్యాంపు కూడా వెలుగుతుంది. వంద ఆంపియర్లు పోవాల్సిన వైరుని వంద ఆంపియర్లు పోతున్నప్పుడే కొలవాలి, బండి ఆపి కొలిస్తే ఏమీ తెలీదు.

మైలేజీ పదికి ఎందుకు పడింది అన్నది తర్వాత రోజు తేలింది. ముల్లు పైకెళ్తోందని మాస్టారు ఒక షాపుకి తీసుకెళ్తే, వాళ్ళు ఫ్యాన్ తిరగట్లేదు కాబట్టి ఫ్యాన్ సర్క్యూట్ పోయిందనుకున్నారు. ఫ్యాన్ తిరగకపోవడం కరెక్టే, ఇంజన్ నిజంగా వేడెక్కలేదు, ఫ్యాన్‌నీ పెట్రోల్‌నీ నడిపించే ఇంజన్ కంప్యూటర్ చూసే సెన్సార్‌కి ఎర్త్ వైరు వేరు కాబట్టి దానికి నిజం తెలుసు. వాళ్ళు రిలే దగ్గర జంపర్ వేసి ఫ్యాన్ డైరెక్ట్ చేశారు, కీ ఆన్ చేస్తే చాలు తిరుగుతూనే ఉంటుంది. అది ఇంకో ఎనిమిది పది ఆంపియర్లు, అంత కరెంటు కూడా ఆ చెడ్డ ఎర్త్ మీదే పడింది, ముల్లు ఇంకాస్త పైకెళ్ళింది. దాంతో ఇంకో చోట థర్మోస్టాట్ వాల్వే పీకేశారు. హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ.

థర్మోస్టాట్ తీసేయడం మన దగ్గర పాత అలవాటు, మన ఎండలకి అదెందుకు అంటారు. దాని వల్ల ఏమవుతుందో ఈ బండిలో అన్నీ కనపడ్డాయి. ఇంజన్ 65 దగ్గరే తిరుగుతుంటే కంప్యూటర్ ఇంకా వార్మప్‌లో ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ కొడుతూనే ఉంటుంది. నాలుగు ప్లగ్గులూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఆయిల్లో పెట్రోల్ వాసన, వేళ్ళ మధ్య రుద్దితే పల్చగా ఉంది, మండని పెట్రోల్ రింగుల పక్క నుంచి కిందకి దిగింది. ఆ ఆయిల్‌తో ఇంకో ఏడాది తిరిగుంటే బేరింగులు పోయేవి.

చేసిన పని: 25 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి రెండు వైపులా రాగి లగ్గులు ప్రెస్ చేయించి, మెడ దగ్గర జిగురు ఉన్న స్లీవ్ వేడి చేసి ఎక్కించా. గేర్‌బాక్స్ మొహం, బాడీ మీద బోల్టు చోటు ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశా. జెల్లీ బిగించాకే పూయాలి. ఇంజన్ నుంచి బాడీకి ఇంకో వైరు అదనంగా వేశా, బందరు బండి కాబట్టి. ఫ్యాన్ డైరెక్ట్ తీసేసి రిలే మామూలుగా పెట్టా. 82 డిగ్రీలకి తెరుచుకునే కొత్త థర్మోస్టాట్, దాన్ని వేసే ముందు గిన్నెలో నీళ్ళు కాచి తెరుచుకుంటోందో లేదో చూశా. ఎక్సలేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, ప్లగ్గులు, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ అన్నీ కొత్తవి. సెల్ఫ్ కొడుతూ ఎర్త్ కొలిస్తే 0.11.

బండి ఇచ్చేశా. ఇక్కడే నా తప్పు.

తొమ్మిదో రోజు మాస్టారు ఉయ్యూరు నుంచి ఫోన్ చేశారు, ముల్లు పైకెళ్ళిపోయింది, లైట్లు కూడా వెయ్యలేదు అన్నారు. ఏసీ ఆపేసి, బండి పక్కకి ఆపి, ఇంజన్ ఆపేయమన్నా, రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పా. కుర్రాడిని తీసుకుని నేనే వెళ్ళా. ఎర్త్ ముందు కొలిచా, బాగానే ఉంది. ఈసారి గన్ పెడితే 104. నిజంగానే హీట్ అయింది.

రేడియేటర్ మొహం మీద గన్‌తో వరసగా అడుగు అడుగు చూసుకుంటూ పోతే పైన 90 పైచిలుకు, కింద ఎడమ మూల 60. వేడి నీళ్ళు అక్కడికి పోవట్లేదు, ట్యూబులు మూసుకుపోయాయి. ఇన్నేళ్ళూ కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోశారు, బందరు నీళ్ళలో ఉప్పు సంగతి తెలిసిందే, సున్నం పేరుకుంది. మరి ఇంతకుముందు ఎందుకు హీట్ అవ్వలేదంటే థర్మోస్టాట్ లేదు, ఫ్యాన్ రోజంతా తిరుగుతోంది, ఆ రెండూ కలిసి సగం రేడియేటర్‌తోనే నెట్టుకొచ్చాయి. నేను ఆ రెండూ సరిచేసేసరికి అసలు జబ్బు బయటపడింది. బండి ఇచ్చే ముందు ఏసీ వేసి అరగంట ఒకచోట నిలబెట్టి రేడియేటర్ మొత్తం గన్‌తో చూసి ఉంటే మా షెడ్డులోనే దొరికేది. నేను ఎర్త్ దొరికిన సంతోషంలో పది కిలోమీటర్లు తిప్పి బాగుందని ఇచ్చేశా. ఎండలో ఆయన్ని ఉయ్యూరులో రోడ్డు పక్కన గంటన్నర నిలబెట్టింది నేనే, ఆ మాట ఆయనతోనే చెప్పా.

రేడియేటర్ మార్చే ముందు హెడ్ ప్యాకింగ్ (ఇంజన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్) పోలేదని ఖాయం చేసుకోవాలి, ఒకసారి 104కి వెళ్ళొచ్చిన ఇంజన్ కదా. చల్లారాక మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు లేవు, ఆయిల్ మూత కింద పాల మీగడ లాంటిది లేదు, ప్రెజర్ టెస్టర్ పెట్టి పావుగంట ఉంచితే ముల్లు దిగలేదు. అప్పుడే రేడియేటర్ విప్పా. ఇది అల్యూమినియం కోర్‌కి ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన రకం, పాత ఇత్తడి రేడియేటర్లలాగా ట్యాంకు ఊడదీసి ఊచ పెట్టి పొడిపించడం కుదరదు, మార్చడమే. 3100 అయింది, లేబర్ నేను తీసుకోలేదు. కూలెంట్ నింపాక హీటర్ ఫుల్ పెట్టి, ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంచి గాలి మొత్తం పోయేదాకా నడిపించా, ఫ్యాన్ మూడుసార్లు దానంతటది ఆన్ అయి ఆఫ్ అయ్యేదాకా అక్కడే నిలబడి చూశా.

మాస్టారు మా దగ్గర పెట్టింది రెండుసార్లూ కలిపి పార్టులు లేబరు తొమ్మిది వేల లోపు, అందులో అసలు జబ్బైన ఎర్త్ వైరు ఖర్చు 380. ఫైల్లో పాత బిల్లులు కూడితే 23 వేలు దాటాయి.

ఆయన టాంకు నింపి, తిరిగి, మళ్ళీ నింపి లెక్క రాసుకునే మనిషి. మూడు టాంకుల సరాసరి 14.6 వచ్చిందని ఆగస్టులో చెప్పారు. నవంబరులో ఆయిల్ మార్పించడానికి వచ్చినప్పుడు ఎర్త్ మళ్ళీ కొలిచా, 0.12, ఎక్సలేటర్ కేబుల్ నూనె వేసినట్టు జారుతోంది. టాపెట్ కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది, ముందు ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ పగిలింది. బుష్ వేశాం, కవర్ గ్యాస్కెట్ సంక్రాంతికి పెట్టుకున్నాం.